రాక్షసుడి వాంగ్మూలం

మన పెద్దల్లో బాలనాగమ్మ కథ వినని వారు తక్కువ. ఆ కథలో ప్రతినాయకుడికి సొంత పేరు లేదు. ఒకచోట మాయల మరాఠీ, ఇంకోచోట మాయల ఫకీరు. 1942లో జెమినీ వారి సినిమాలో గోవిందరాజుల సుబ్బారావు వేసిన వేషం అదే. ప్రాంతాన్నో మతాన్నో పేరుగా తగిలిస్తే చాలు, మనిషి రాక్షసుడైపోతాడు. అతని ప్రాణం ఏ చిలకలో ఉందో మనకు తెలుసు. తన కథను తానే చెబితే ఎలా ఉంటుందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఓడినవాడి వైపు నుంచి కథ చెప్పడం దేనికి, పాత పగలు రేపడానికా అని మనలోనే చదువుకున్నవారు కొందరు అంటున్నారు. వారికి జవాబు ఇక్కడ బెంగాల్లోనే ఉంది.

ఖరగ్‌పూర్ నుంచి నేనుండే సంత్రాగాఛి దాకా రైల్వే కొలువుల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలున్నాయి. దసరా వస్తే మన పిల్లలూ పందిరి పందిరికీ తిరుగుతారు. ప్రతి పందిట్లోనూ శూలం దిగిన మహిషాసురుడే. ఇదే రాష్ట్రంలో, పక్కనున్న జార్ఖండ్‌లో అసుర్ అనే తెగ ఉంది. షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్న పేరు అది. ఇనుము కరిగించిన జాతి. మహిషాసురుడు తమ పూర్వీకుడని చెప్పుకుంటారు. ఊరంతా పండుగ చేసుకునే రోజుల్లో శోకం పాటించే కుటుంబాలు వారిలో ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడు మన పిల్లవాడి పక్కన బడిలో కూర్చుంటే, ఆ బొమ్మను వాడికి ఏమని చూపిస్తాం?

2022 అక్టోబరులో కలకత్తాలో హిందూ మహాసభ పేరుతో వేసిన పందిట్లో అసురుడికి గాంధీ పోలికలు పెట్టారు. గొడవయ్యాక జుట్టూ మీసమూ అతికించి మార్చారు. బాబాసాహెబ్‌కు గాంధీతో ఎంత పేచీ ఉన్నా, ఇందులో మనకు పాఠం ఉంది. శూలం కింది చోటులోకి గిట్టనివాడు ఎవడైనా వస్తాడు. రేపు ఆ ముఖం మనదే కావచ్చు.

నేను చదువుకున్న చట్టం హంతకుడిని కూడా మాట్లాడనిస్తుంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 313వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 351. ప్రాసిక్యూషన్ సాక్ష్యం ముగిశాక, దీనికి నువ్వేమంటావని జడ్జి ముద్దాయిని అడిగి తీరాలి. అడిగినంత మాత్రాన వాడు నిర్దోషి అయిపోడు. బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోయిన నేరం ఫకీరు మాట్లాడితే మాసిపోదు. కానీ అడగకుండా వేసిన శిక్షను న్యాయమని ఎలా అంటాం?

పెరియార్ రామాయణ విమర్శను హిందీలో అచ్చువేసిన లలయీ సింగ్ యాదవ్ 1967లో బౌద్ధం స్వీకరించారు. 1969లో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఆ పుస్తకాన్ని జప్తు చేసింది. అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 1976లో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది. కారణాలు చూపకుండా పుస్తకం నోరు నొక్కడం చెల్లదన్నది ఆ తీర్పు సారం. ఈ మాట అనే హక్కును మనవాడొకడు కోర్టుల్లో పోరాడి నిలబెట్టాడు.

ధమ్మం ఇంకా ముందుకు వెళ్లింది. అంగుళిమాలుడిని పట్టుకోవడానికి ప్రసేనజిత్తు అయిదువందల గుర్రాలతో బయలుదేరాడు. అంతకుముందే తథాగతుడు ఒంటరిగా, కాలినడకన వెళ్లి అతనితో మాట్లాడాడు. భిక్షువైన తర్వాత కూడా జనం విసిరిన రాళ్లకు అంగుళిమాలుడి తల పగిలింది. అది చేసిన పనికి ఫలితం, ఓర్చుకోమన్నాడు తథాగతుడు. నేరాన్ని దాచలేదు, మనిషిని వదులుకోలేదు. ఆ హంతకుడి మాటలు థేరగాథల్లో ఈనాటికీ ఉన్నాయి. ప్రతినాయకుడు తన కథ తానే చెప్పుకునే చోటు మన పిటకంలోనే ఉంది.

కనుక మనవారికీ ఒక మాట. రావణుడికో మహిషాసురుడికో గుడి కట్టి హారతి పడితే విగ్రహం మారుతుంది, మొక్కే చేతులు మారవు. 1956 విజయదశమి నాడు నాగపూర్‌లో బాబాసాహెబ్ 22 ప్రతిజ్ఞలు చేయించింది మనం కొత్త దేవుళ్లను వెతుక్కోవడానికా?

ఈ అశోక విజయదశమికి విహారంలో పిల్లలను కూర్చోబెట్టి బాలనాగమ్మ కథే చెప్పండి. మధ్యలో ఆపి, ఫకీరు ఏమంటాడో చెప్పమనండి. బాలనాగమ్మ ఏమంటుందో కూడా అడగండి. ఇద్దరి మాటా విన్న పిల్లవాడి చేతికి శూలం అందించడం అంత తేలిక కాదు.

జై భీమ్! నమో బుద్ధాయ!