ఫైర్‌వాల్ ఆపేయడం ఇలాజ్ కాదు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో బ్రాంచీలున్న ఒక దుకాణంలో ఇంటర్నెట్ ఫోన్లు నేను చూస్తుంటాను. మొన్న వనపర్తిలో వింత తక్లీఫ్. ఫోన్ మోగుతుంది, ఎత్తితే మన మాట అవతల వినిపిస్తుంది, వాళ్ల ఆవాజ్ మాత్రం మనకు రాదు.

నేను వెళ్లేలోపే అక్కడి కుర్రాడు ఫైర్‌వాల్ మొత్తం ఆపేశాడు. ఆవాజ్ వచ్చేసింది. సేఠ్ సాబ్ మాషాఅల్లాహ్ అన్నారు. నాకు మాత్రం ఫికర్ పట్టుకుంది. ఇంట్లోకి మెహమాన్ రాలేకపోతున్నాడని తలుపులే ఊడదీసి పక్కన పెడతామా?

లాగ్ తెరిచి చూశాను. ఫైర్‌వాల్ ఆగిన రెండు రాత్రుల్లోనే ముక్కూమొహం తెలియని చిరునామాల నుంచి 5060 పోర్టు మీద పాస్‌వర్డ్‌ల వేట మొదలైంది. ఒక్కటి దొరికినా తెల్లారేసరికి విదేశీ నంబర్లకు కాల్స్ పోతాయి, బిల్లు సేఠ్ పేరున వస్తుంది. అల్‌హందులిల్లాహ్, దొరకలేదు.

అసలు కిస్సా చిన్నదే. ఫోన్ మోగించే సంకేతం 5060 పోర్టులో వస్తుంది, ఆవాజ్ వేరే పోర్టుల్లో వస్తుంది. ఆ గేట్‌వేలో అవి 10000 నుంచి 20000 దాకా, యూడీపీలో. రూటర్ మార్చినప్పుడు మొదటి దానికి రూలు రాశారు, రెండోది మరిచారు. ఆ రెండింటికీ కాల్స్ ఇచ్చే కంపెనీ చిరునామాలకు మాత్రమే ఇజాజత్ ఇచ్చి, ఫైర్‌వాల్ మళ్లీ పెట్టాను. మాట సరిగ్గా ముప్పై రెండు సెకన్లకు తెగిపోతుంటే అది వేరే మర్జ్. అక్కడ రూటర్‌లోని సిప్ ఏఎల్‌జీ మీదే నాకు ముందు అనుమానం.

మన ఇళ్లలోనూ ఇదే జల్దీబాజీ. దుబాయ్‌లో ఉన్న కొడుకుకు వాట్సాప్ కాల్ కలవకపోతే అమ్మీ ఫోన్‌ను దుకాణానికి పంపుతాం. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్‌కు అనుమతి ఉన్న ఆప్‌లే వాడాలి. సౌదీ 2017లో ఆ బందిష్ సడలించింది. అది ముల్కు దర్వాజా, గద్వాలలో ఏ సెట్టింగ్ మార్చినా తెరుచుకోదు. వీపీఎన్ పెట్టుకో బేటా అని ఇక్కడి నుంచి సలహాలివ్వకండి, అక్కడి ఖానూన్ సఖ్త్‌గా ఉంటుంది.

కుర్రాడిని నేనేమీ అనలేదు. ఆపేయడం తప్ప అతనికి ఎవరూ ఇంకేమీ నేర్పలేదు. నాగర్‌కర్నూల్ రూటర్‌లోనూ అదే రూలు లేదు. జుమా నమాజ్ అయ్యాక వెళ్తున్నాను, ఈసారి కీబోర్డు అతని చేతికే ఇస్తాను.