లేఆఫ్ ఇంట్లో నవ్వులు

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల ఇళ్లలో ఇప్పుడో కొత్త రకం హాస్యం పుట్టింది. పొద్దున మెయిల్ వస్తుంది, మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోతుంది. సాయంత్రం భర్త ముందు కత్తిపీట పెట్టి, ‘వంటింట్లో చేరండి. జీతం లేదు గానీ లేఆఫ్ భయమూ లేదు’ అంటుంది భార్య. ‘మరి అప్రైజల్ ఎవరు చేస్తారు?’ అని ఆయన. ‘అత్తయ్యగారు’ అని ఆమె. వంకాయలు తరుగుతూ ఇద్దరూ నవ్వుకుంటారు. ఈఎంఐ తేదీ ఇద్దరికీ గుర్తుంది, అయినా నవ్వుతారు. మగవాడి పరువంతా జీతంలోనే ఉందనుకునే మన ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు. సంగతి దాచిపెట్టి, రోజూ టిఫిన్ బాక్సుతో బయల్దేరి పార్కులో కూర్చోవడం కన్నా ఇది ఎంతో నయం.

అలాగని వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకుని ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటే కుదరదు. ఉద్యోగం పోయిన ఈఎస్ఐ చందాదారులకు సగటు వేతనంలో కొంత భాగం, 90 రోజుల దాకా ఇచ్చేందుకు 2018లో తెచ్చిన పథకం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఈఎస్ఐకి 2017లో పెట్టిన జీతం పరిమితేమో నెలకు రూ.21 వేలు. అంతకన్నా ఎక్కువ జీతం ఉండటంతో ఐటీలో చాలామందికి ఆ పథకం అందదు. ఆ రక్షణను వాళ్లకూ విస్తరించాలి. ఇక బంధువులకు ఓ విన్నపం: ‘ఇంకా దొరకలేదా?’ అని వారం వారం ఫోన్ చేయకండి.