ప్లగ్గు పెట్టిన కారులో చప్పుడెందుకు?

పట్టణంలో ఉద్యోగాలు చేసుకొనే పిల్లలు కరెంటు కారులో పండుగకు ఇంటికి రావడం ఇప్పుడు మన పల్లెల్లో కూడా చూస్తున్నాము. రాత్రి దానికి ప్లగ్గు పెట్టి పడుకుంటే కొన్నిసార్లు లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తుంది. ఇంటి పెద్దలు బండికి ఏదో అయిందని భయపడతారు. కరెంటు వృథా పోతుందని ప్లగ్గు లాగివేసేవారూ ఉన్నారు. నిజానికి ఆ సమయంలో కారు తన బ్యాటరీని కాపాడుకొంటున్నది. బండిలో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అదే గనుక ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

లిథియం బ్యాటరీకి సుమారు 15 నుండి 35 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. అంతకు మించిన వేడిలో చాలాకాలం ఉంటే దాని శక్తి త్వరగా తరిగిపోతుంది. గడ్డకట్టే చలిలో చార్జింగు పెడితే లిథియం లోపలికి ఇంకక లోహపు పూతగా పేరుకొంటుంది. అందుచేత చలిదేశాల్లో అనేక కార్లు ముందు బ్యాటరీని వెచ్చజేసుకొంటాయి. మనకున్న బాధ చలి కాదు, ఎండ.

బ్యాటరీని ఆనుకొని ఉన్న సన్నని దారుల్లో గ్లైకాల్ కలిపిన నీరు తిరుగుతూ వేడిని రేడియేటరుకు మోసుకుపోతుంది. అది చాలకపోతే కారులోని ఏ.సి. కంప్రెసరు ఆ నీటిని చల్లబరుస్తుంది. ప్లగ్గు ఉన్నప్పుడు ఈ పనికి కరెంటు గోడ నుండి వస్తుంది. ప్లగ్గు తీసివేస్తే బ్యాటరీ తన శక్తినే ఖర్చు చేసుకోవాలి, లేదా ఆ వేడిని భరించాలి.

ఇందుకు అమెరికాలో జరిగిన సంగతి ఒకటి ఉంది. 2010 డిసెంబరులో అక్కడ రెండు కార్లు అమ్మకానికి వచ్చాయి. షెవర్లే వోల్టులో (దానికి పెట్రోలు ఇంజను కూడా ఉండేది) బ్యాటరీకి నీటి ఏర్పాటు ఉంది. ఎండ, చలి తీవ్రంగా ఉన్నప్పుడు చార్జింగు నిండినా ప్లగ్గు ఉంచమని కంపెనీ పుస్తకంలోనే వ్రాశారు. నిస్సాన్ లీఫులో అటువంటి చల్లబరచే ఏర్పాటు లేదు. 2012లో అరిజోనా ఎడారి ఎండల్లో అనేక లీఫు కార్ల బ్యాటరీలు అనుకున్నదానికన్నా ముందే క్షీణించాయని యజమానులు మొరపెట్టుకొన్నారు. తరువాత కంపెనీ బ్యాటరీ శక్తికి కూడా వారంటీ ఇవ్వవలసి వచ్చింది.

మన దేశంలో 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీకి నీటి ఏర్పాటు ఉంది. అయితే అన్ని కార్లూ ఒకే తీరుగా నడుచుకోవు గనుక బండితో ఇచ్చిన పుస్తకం చూసుకోవాలి. ఫాస్టు చార్జరు దగ్గర ఫ్యాను మరీ గట్టిగా తిరిగినా కంగారు వద్దు. కరెంటు రెండింతలైతే తీగల్లో, బ్యాటరీలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. ఇంటి ప్లగ్గు దగ్గర అంత వేడి పుట్టదు.

మన ఇళ్లలో కారుకన్నా ముందు వచ్చేది స్కూటరే. వాటిలో చాలావాటికి ఈ నీటి ఏర్పాటు ఉండదు. గనుక మధ్యాహ్నపు ఎండలో తిరిగి వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి. బండిని నీడలో నిలిపి, బ్యాటరీ చల్లారనిచ్చి, అప్పుడు పెట్టండి.