రొట్టె జెండా

జెండా మీద సింహాన్ని వేసుకున్న రాజులున్నారు, గద్దను వేసుకున్నవారున్నారు. రొట్టెను వేసుకున్న వంశం మాత్రం, నాకు తెలిసినంతలో, మన హైదరాబాదు అసఫ్‌జాహీలదే!

వారి పసుపుపచ్చ జెండా నడుమ గుండ్రంగా ఉండేది చందమామ కాదు, కుల్చా. కథ ఏమంటే, వంశ మూలపురుషుడు మీర్ ఖమ్రుద్దీన్ ఒకనాడు నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే సూఫీ గురువు దర్శనానికి వెళ్ళాడట. గురువుగారు పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెట్టారట. ఆకలి మీదున్న మనిషి ఏడు తిని ఇక చాలన్నాడట. “నీ వంశం ఏడు తరాలు ఏలుతుంది” అని ఆయన దీవించారట.

లెక్క సరిపోయిందా అని మీరడుగుతారు. గద్దె ఎక్కినవారిని లెక్కపెడితే పదిమంది తేలతారు. మొదటాయనకూ నిజాం అలీఖానుకూ నడుమ నాసిర్‌జంగ్, ముజఫర్‌జంగ్, సలాబత్‌జంగ్ ఉన్నారు మరి. తండ్రి తర్వాత కొడుకుగా తరాలు లెక్కపెడితే మాత్రం మీర్ ఉస్మాన్ అలీఖాను దగ్గర సరిగ్గా ఏడు! కొన్ని జోస్యాలు ఫలించిన తర్వాతే పుడతాయని నా అనుమానం. అంతమాత్రాన కథకు రుచి తగ్గదు లెండి.

1877లో ఢిల్లీ దర్బారు జరిగినప్పుడు వైస్రాయి లిట్టన్ మన రాజులకు పట్టు పతాకాలు పంచిపెట్టాడు. వాటి మీది చిహ్నాలు కల్పించినవాడు రాబర్ట్ టెయిలర్ అనే దొర. పదేళ్ళ ఆరో నిజాము మహబూబ్ అలీఖాను కూడా ఆ దర్బారుకు వెళ్ళాడు. తాతలనాటి జెండాలున్నవారికి మళ్ళీ జెండాలెందుకు? ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద అని నలుగురికీ తెలియడానికి!

ఇంగ్లండులో రాజుగారి సొంత జెండా వేరు, దేశపు జెండా వేరు. హైదరాబాదులో ఆ తేడా లేదు. ఆఖరి నిజాము జెండా మీద పైన ఘనత దేవుడిదని రాసి, నడుమ నిజాముల్ముల్క్ అసఫ్‌జా అన్న బిరుదూ, కింద “యా ఉస్మాన్” అనీ రాయించారు. గిన్నెల మీద ఇంటాయన పేరు కొట్టించుకున్నట్టే. గిన్నెలు ఇంటివి గనుక ఫరవాలేదు. రాజ్యం ఎవరిదన్నదే 1947లో వచ్చిన పేచీ. ఆగస్టు 15న త్రివర్ణ పతాకం ఎగరేసినందుకు స్వామి రామానందతీర్థను అరెస్టు చేశారు. 1948 సెప్టెంబరు 17తో ఆ పేచీ తీరింది.

మొయినాబాదు మీదుగా చేవెళ్ళ వెళ్ళినప్పుడల్లా నాకిదంతా గుర్తొస్తుంది. దారికి ఒక పక్క ఉస్మాన్‌సాగర్, మరొక పక్క నిజాము పెద్దకొడుకు పేరిట హిమాయత్‌సాగర్. 1908 మూసీ వరద తర్వాత, మళ్ళీ ఊరు మునగకుండా కట్టించినవి. జెండా మీద పోయిన పేరు చెరువు మీద నిలిచింది! ఆ దారి వెంట మర్రిచెట్లు సుమారు 900 ఉండేవని లెక్క. రోడ్డు వెడల్పు కోసం వాటిని తీయాలా వద్దా అని ఏళ్ళ తరబడి వాదులాడుకున్నారు. నిజాము జెండా కోసం అంతగా వాదులాడినవారిని నేను చూడలేదు.

ఈ రెండు ఊళ్ళూ ఉన్న జిల్లాకు 1978లో పెట్టిన పేరు కొండా వెంకట రంగారెడ్డిగారిది. వారు మొయినాబాదు దగ్గరి పెదమంగళారంలో పుట్టిన వకీలు. నిజాము పాలన మీద పోరాడిన కాంగ్రెసు మనిషి.

ఆ పసుపు జెండా ఎగరగా కళ్ళారా చూసినవారు ఇప్పుడు ఎనభై దాటినవారే. మీ ఇంట్లో అలాంటి తాతగారో అమ్మమ్మగారో ఉంటే, ఈ ఆదివారం పక్కన కూర్చుని అడిగి రాసుకోండి.