బటన్ ఫోన్ల తయారీపై తీర్మానం

మా మండల వయోవృద్ధుల సంఘం సర్వసభ్య సమావేశంలో సభ్యులు తాము రోజూ వాడే బటన్ ఫోన్లను బల్లమీద పెట్టి, ఒక్కొక్కటీ నొక్కి చూసి, చర్చించిన మీదట ఆమోదించిన తీర్మానం.

2003లో వచ్చిన నోకియా 1100ను సమావేశం కొలబద్దగా తీసుకున్నది. దుమ్ము దూరకుండా బటన్లన్నిటికీ ఒకే రబ్బరు పొర, చెమట చేతిలోనూ జారని పక్కలు, పైన టార్చిలైటు. కెమెరా లేదు, ఇంటర్నెట్ లేదు. అయినా ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. కరెంటు పోయిన రాత్రి మోటారు దగ్గరికి దారి చూపిన ఫోన్ అది.

ఇప్పుడు మా చేతుల్లో ఉన్నవాటిలో చాలావాటికి బటన్లు సన్నబడి, ఒకటి నొక్కితే పక్కది పడుతున్నది. 5 అంకెమీది బొడిపె కొన్నింటిలో వేలికి తగలడమే లేదు. చూపు మందగించినవారు ఆ బొడిపెను పట్టుకునే మిగతా అంకెలు పోల్చుకుంటారు. పైగా మన దేశంలో అమ్మే సాధారణ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కిపట్టితే అత్యవసర కాల్ వెళ్లాలన్న నిబంధన 2017 జనవరి 1 నుంచి ఉన్నది. చీకట్లో ఆ అంకె వేలికి దొరకకపోతే నిబంధన ఉండీ లేనట్టే. ఈ సౌకర్యం సంగతే తెలియదని సభ్యులు పలువురు చెప్పారు. పెట్టెలో వచ్చే కాగితంలో తెలుగు ముక్క లేదు.

తెలుగు మెసేజీ వస్తే ఒత్తులు తెగిపోయి కనిపిస్తున్నాయి. బ్యాంకు ఓటీపీని సైతం పక్కింటివారిచేత చదివించుకోవలసి రావడాన్ని ఈ సమావేశం తీవ్రంగా పరిగణిస్తున్నది. అది అక్షరం పరిమాణానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, మా డబ్బు భద్రతకు సంబంధించినది.

కనుక, వేలికి స్పష్టంగా తెలిసే 5 బటన్, ఒత్తులతో సహా కనిపించే పెద్ద తెలుగు అక్షరాలు, విప్పి మార్చుకోగల బ్యాటరీ, తెలుగులో వాడుక పత్రం ప్రతి బటన్ ఫోన్‌కూ ఉండాలని తయారీదారులను కోరుతూ తీర్మానించడమైనది. మార్కెట్లోకి వదిలే ముందు అరవై దాటినవారి చేతికిచ్చి పరీక్షించాలని కూడా కోరడమైనది.

అలవాటైన ఫోన్‌ను మా చేతుల్లోంచి తీసేసి టచ్ ఫోన్ పెట్టే ముందు ఒక్కమాట అడగవలసిందిగా మా బిడ్డలకు విజ్ఞప్తి.

ఈ తీర్మానం ప్రతులను తయారీ సంస్థలకూ కేంద్ర టెలికాం శాఖకూ పంపే బాధ్యత కార్యదర్శికి అప్పగించడమైనది. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.