ఒక పుస్తకము - రెండు అభ్యంతరములు

గడచిన విద్యాసంవత్సరమున ఇరువురు తండ్రులు వేర్వేరు దినములలో నాయొద్దకు వచ్చి, మన గ్రంథాలయమునందలి ఒకే పుస్తకమును గూర్చి అభ్యంతరము తెలిపిరి. పుస్తకమొక్కటియే గాని అభ్యంతరములు రెండు. అవియు పరస్పర విరుద్ధములు. ఆ పుస్తకము ఆంగ్లేయుడగు జాన్ బన్యన్ రచించిన కథకు తెలుగు సేత. ‘యాత్రికుని ప్రయాణము’ అని దాని పేరు.

మొదటివారు, “మాస్టారూ, మనకు భారత భాగవతములు లేవా? పిల్లలచేత క్రైస్తవుల పుస్తకమేల చదివించుచున్నారు?” అని అడిగిరి. రెండవవారు ప్రతి ఆదివారమును తప్పక దేవాలయమునకు పోవు క్రైస్తవ గృహస్థులు. వారు, “మాస్టారూ, అది మా యింట ప్రార్థన చేసికొని చదువు పుస్తకము. మీ తరగతిలో దానిని దొంగల కథవలె చదువుచు, తరువాత నేమగునోయని పిల్లలు కేకలు వేయుచున్నారట. ఇది తగునా?” అనిరి. ఇరువురి మాటలలోను కోపము లేదు. బిడ్డలయెడ ప్రేమయే కలదు. నాకు అప్పుడు తోచిన సమాధానము చెప్పితిని గాని, అది నాకే తృప్తి కలిగింపలేదు. తల్లిదండ్రులును విద్యార్థులును చదువు ఈ సంచికలో నా అభిప్రాయమును వివరముగా తెలుపుట యుక్తమని తలంచుచున్నాను.

ముందుగా కథ యెట్టిదో చెప్పవలెను. చినిగిన బట్టలతో, వీపుపై పెద్ద మూటతో, చేత ఒక గ్రంథముతో నొక మనుష్యుడు నిలిచి యుండును. తాను నివసించు పట్టణము నాశనము కానున్నదని ఆ గ్రంథమువలన నెరిగి, ఏమి చేయుదునని విలపించును. ఆలుబిడ్డలు పిలుచుచున్నను చెవులు మూసికొని పరుగిడును. దారిలో బురదగుంట, నిటారైన కొండ, సింహములు, చీకటిలోయ, సమస్తమును అమ్మకమునకు పెట్టిన సంత, ఆ సంతలో తోడి యాత్రికుని మరణశిక్ష, నిరాశ యను రాక్షసుని చెర, కడపట వంతెనలేని యొక నది. ఆ నది దాటినగాని గమ్యము లేదు. ‘నవల’ యను పేరు స్థిరపడని కాలమున వ్రాసినదైనను, తరువాత నేమగునోయను ఉత్కంఠ ఇందు ఏ అపరాధ పరిశోధక నవలకును తీసిపోదు.

నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో దీనిని మొదట చూచితిని. నాలుగు పుటలు చదివి, ఇది మతబోధ యని ప్రక్కన బెట్టితిని. నా అభిప్రాయమును మార్చినవారు మన విద్యార్థులే.

శనివారము కడపటి గంటలో నేను ఈ కథను బిగ్గరగా చదువుచుంటిని. యాత్రికుడును వాని మిత్రుడును సందేహదుర్గమున చిక్కిరి. రాక్షసుడు వారిని చీకటికొట్టులో త్రోసి, అన్నపానీయములు లేకుండ చేసి, దుడ్డుకఱ్ఱతో మోది, “ఇక మీకు దిక్కులేదు, ప్రాణములు తీసికొనుడు” అని బోధించుచున్నాడు. అంతలో గంట మ్రోగినది. తరగతి కదలలేదు. వారమంతయు వరండాలలో ఇదియే చర్చ. ఎవరో వచ్చి విడిపింతురని కొందరు. రాక్షసుడు మూర్ఛపోవునని కొందరు. మరుసటి శనివారము తెలిసినది: తాళము తీయు చెవి మొదటినుండియు యాత్రికుని రొమ్మునందే యున్నది! వాగ్దానమని దాని పేరు. అతడు దానిని మరచియుండెను.

పిల్లలు సంతోషింతురని తలంచితిని. కాని తొమ్మిదవ తరగతి బాలుడొకడు లేచి, “ఇది మోసము, మాస్టారూ! చెవి యున్నదని రచయిత మనకు ముందేల చెప్పలేదు?” అని యడిగెను. అది మంచి విమర్శ. దానికి నేను సమాధానము వెదకుచుండగా, వెనుక బల్లపైనున్న బాలిక, “మా అమ్మ తాళపుచెవి కొంగున ముడివేసికొని ఇల్లంతయు వెదకును. ఇదియు అట్టిదే” అనెను. తరగతి నవ్వెను, ఆ బాలుడును నవ్వెను. నేను శిక్షణలో చదివిన విమర్శగ్రంథములలో ఈ ఘట్టమునకు ఇంతకు మించిన వ్యాఖ్య నాకు దొరకలేదు.

అందరి అభిప్రాయములును పొగడ్తలే యని తలంపకుడు. నడుమనున్న దీర్ఘోపన్యాసములను దాటవేసి చదివితినని యొకడు దాచక చెప్పెను. ఆ కడపటి నదిని గూర్చి వినునప్పుడు వరదలోని ఋషికుల్య కన్నులకు కట్టినదని మరియొకతె చెప్పెను. ముగింపునందు అజ్ఞానుడను నొక పాత్ర పడవలో నది దాటి స్వర్గద్వారము వఱకు వచ్చును. అతనిని అక్కడనుండియే నరకమునకు త్రోయుదురు. “వాకిటివఱకు వచ్చినవానిని అట్లు చేయుట న్యాయమా?” యని పెక్కురు అడిగిరి. అడిగినవారిలో హిందువులును కలరు, క్రైస్తవులును కలరు. ఆ ఘట్టము నాకును కఠినముగనే తోచును. ఆ మాట వారితో చెప్పితిని.

ఇక రచయితను గూర్చి. బన్యన్ 1628లో ఇంగ్లండునందు బెడ్ఫర్డు పట్టణమునకు సమీపగ్రామమున జన్మించెను. పాత్రలకు మాట్లు వేయుట అతని వృత్తి. అనుమతి లేక మతప్రసంగము చేసెనని 1660లో అతనిని చెరలో వేసిరి. ఇక ప్రసంగింపనని ఒక్క మాట యిచ్చిన విడుదల చేసెదమనిరి. ఇంట భార్య, బిడ్డలు, పెద్దకుమార్తె అంధురాలు. అయినను ఆ మాట ఇయ్యక, చెరలో లేసుత్రాళ్లు కట్టి కుటుంబమును పోషించుచు 1672 వఱకు అక్కడనే యుండెను. 1678లో ఈ గ్రంథము మొదటి భాగము వెలువడినది, 1684లో రెండవది.

ఆ మొదటి భాగమునకు బన్యన్ పద్యరూపమున నొక పీఠిక వ్రాసెను. మనకు వచ్చిన తగవు 1678లోనే అతనికిని వచ్చినదని ఆ పీఠిక తెలుపుచున్నది. తాను వేరొక గ్రంథము వ్రాయుచుండగా ఈ కథ తనంత తాను వచ్చి పడినదనియు, వ్రాతప్రతిని మిత్రులకు చూపగా కొందరు అచ్చువేయుమనియు, కొందరు వలదనియు అనిరనియు అతడు చెప్పుకొనెను. దైవవిషయమును కట్టుకథగా చెప్పరాదని వలదన్నవారి వాదము. మత్స్యకారుడు చేపనుబట్టి ఎర మార్చును గదా, ప్రవక్తలును ఉపమానములతోనే బోధించిరి గదా యని అతని సమాధానము. ఎవరి మాట నిజమో పరీక్షయే తేల్చునని తలంచి అచ్చువేయించెను. భక్తుడైన రచయితయే తన భక్తికథను పాఠకుల తీర్పునకు విడిచెను. మనము దానిని తీర్పునకు అందకుండ దాచుట అతనికి మర్యాద కానేరదు.

కావున రెండవవారికి నా విన్నపము. పిల్లలు కేకలు వేసినది అపచారబుద్ధితో కాదు. యాత్రికునికి నిజముగా అపాయమున్నదని నమ్మిరి గనుక కేకలు వేసిరి. తప్పక గెలుచునని ముందే తెలిసిన కథలో విశ్వాసమునకు పని లేదు. పోతనామాత్యుని గజేంద్రుని చూడుడు. మొసలి కాలు పట్టియుండగా ఆ గజరాజు ప్రార్థన నడుమనే, దేవుడు నిజముగా ఉన్నాడా యని శంకించును. ఆ శంక భాగవతమునకు కళంకమని ఏ భక్తుడును అనలేదు; ఆ పద్యమునే మనము బిడ్డలకు మొదట నేర్పుదుము. శంక నిజమైనపుడే శరణాగతియు నిజమగును. బన్యన్ తన యాత్రికుని సందేహదుర్గమున బంధించినదియు ఇందులకే.

మొదటివారికి నా విన్నపము వేరు. గుణములకును దోషములకును మానవరూపమిచ్చి కథ నడుపుట మనకు క్రొత్త గాదు. కృష్ణమిశ్రుని సంస్కృత నాటకమగు ప్రబోధచంద్రోదయమున వివేకుడును మోహుడును రాజులై పోరాడుదురు. దానిని నంది మల్లయ, ఘంట సింగయ యను జంటకవులు 15వ శతాబ్దిలోనే తెలుగు కావ్యముగా రచించిరి. మన తొలినవలలలో ప్రసిద్ధమైన రాజశేఖర చరిత్రమును 1878లో వీరేశలింగము పంతులుగారు ప్రకటింప నారంభించిరి. దానికి ప్రేరణ గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన నవల. అందలి నాయకుడు క్రైస్తవ మతాచార్యుడు. ఆ ఆచార్యుని కష్టములు ధవళేశ్వరపు బ్రాహ్మణ గృహస్థుని కష్టములుగా మారి మన యింటి కథయైనవి. గుఱ్ఱము జాషువ క్రైస్తవ కుటుంబమున జన్మించి, గబ్బిలము ద్వారా కాశీవిశ్వనాథునికి సందేశము పంపెను. ఆయన రచించిన క్రీస్తుచరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. వీనిలో ఏది ఎవరిది? అన్నియు తెలుగువే, తెలుగు చదువు ప్రతివానివియును.

మరి, మతప్రచారము జరుగదా యని భయపడుట సహజమే. పుస్తకమును బోధగా మార్చు ఉపాధ్యాయుడు తప్పు చేసినవాడగును. అట్టి తప్పు నేను చేసినచో తెలుపుడు, సరిదిద్దుకొందును. కాని ప్రశ్నించుచు చదువు బాలునికి ఏ పుస్తకమును బలవంతముగా ఏదియు అంటగట్టలేదు. తన చెవి మోసమని రచయితనే నిలదీసిన ఆ బాలునికి మనము కావలి యుండవలసిన పని యేమి?

మనవంటి పాఠశాలలకు ఈ విషయమున మరియొక ముఖ్యకారణము కలదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాము ఒరిస్సా రాష్ట్రమున చేరిననాటినుండి బరంపురపు తెలుగువారము అల్పసంఖ్యాక భాషీయులము. మన పిల్లలకు వీధిలో ఒడియా, ఉద్యోగమునకు ఆంగ్లము, చేతిలోని ఫోనునందు ఎల్లభాషలును. తెలుగు చదువుటకు మిగిలినది కొద్దిపాటి కాలము, కొద్దిపాటి పుస్తకములు. ఆ కొద్దిపాటి అలమారును హిందువులకొక అరయు క్రైస్తవులకొక అరయు నని పంచుకొన్నచో, ప్రతివానికిని సగమే మిగులును. బన్యన్ కథను ఏమోస్ సట్టన్ అను మిషనరీ 19వ శతాబ్ది పూర్వార్ధముననే ఒడియాలోనికి తెచ్చెను. ప్రక్కయింటి ఒడియా బాలుడు తన భాషలో చదువగలిగిన కథను మన బాలుడు తన భాషలో చదువకుండుట మనకు మనమే చేసికొను నష్టము.

అంతకంటె పెద్ద నష్టము మరియొకటి. పరుల భాష మాటాడవలసివచ్చిన బిడ్డ, తన అభిప్రాయము చెప్పుటకు జంకును. తప్పు పలుకుదునేమోయని నోరు మూసికొనును. ఈ భయము మన బిడ్డలలో నేను ప్రతిసంవత్సరమును చూచుచున్నాను. ఆ శనివారములలో మాత్రము, ఎన్నడును నోరు విప్పని పిల్లలు తమ తల్లిభాషలో తమ మనస్సునందున్నది చెప్పిరి, ఒకరినొకరు కాదనిరి, కాదని స్నేహముగానే ఇండ్లకు పోయిరి. విశ్వాసమును గూర్చి భేదించియు స్నేహము విడువకుండుట పెద్దలమగు మనకే కష్టము. దానిని పిల్లలు ఒక కథవలన నేర్చుకొనుచుండగా ఆ కథను తీసివేయుట నాకు సమ్మతము కాదు.

కావున నా నిర్ణయమిది. పుస్తకము అలమారులో ఉండును. తమ బిడ్డ చదువరాదని కోరు తల్లిదండ్రుల మాటను మన్నించెదను. ఆ బిడ్డకు వేరొక పుస్తకము ఇత్తును. చదివినవారు మాత్రము ఊరకుండరాదు. పుస్తకము చివర తెల్లకాగితములు కుట్టించితిని. చదివిన ప్రతివారును అందు తమ అభిప్రాయమును తెలుగున నాలుగు పంక్తులకు తక్కువకాకుండ వ్రాయవలెను. మెప్పు వ్రాయవచ్చును, తప్పు వ్రాయవచ్చును. కారణము మాత్రము వ్రాయవలెను.

మొదటి పుటలో, వాకిటినుండి త్రోయబడిన ఆ అజ్ఞానుని పక్షమున నేను నాలుగు పంక్తులు వ్రాసియున్నాను. దాని క్రింది రెండు పుటలు ఆ ఇరువురు తండ్రులకొఱకు ఖాళీగా విడిచితిని. వారు వచ్చి, చదివి, నన్ను ఖండించి వ్రాసినను నాకు సంతోషమే.