పులికాటు పక్షులును పల్లె పంచాయతీలును

రాయపురము రైలుస్టేషను 1856వ సంవత్సరము జూలై 1వ తేదీన ప్రజలకు తెరువబడినది. దక్షిణ దేశమున తొలి పొగబండి అచ్చటినుండియే వాలాజా వైపునకు సాగినది. ఆ స్తంభముల కట్టడము నేటికిని నిలిచియున్నది. దాని మ్రోల నిత్యము నడచు ఆంధ్ర సోదరులలో నెందరు తలయెత్తి దానిని చూచుచున్నారో మేము చెప్పజాలము. ఆ స్టేషను మీదుగా ఉత్తరమునకు పోవు ఇనుపదారినే పట్టి ఎనుబది కిలోమీటర్ల చిల్లర పోయినచో సూళ్లూరుపేట వచ్చును. అచ్చటి పల్లెలను గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

అక్టోబరు మొదలు మార్చి వరకు పులికాటు సరస్సుపై రాజహంసల గుంపులు దిగును. దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టు చెరువులో, నీట మునిగియున్న కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను లేపును. ఆ చెరువు 1976లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. అంతకు పూర్వమే గ్రామస్థులు ఆ పక్షులను చుట్టములవలె చూచుకొనుచుండిరి. ఇందు దయతోబాటు లెక్కయు గలదు: పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు పొలములకు ఎరువగును. పట్టణవాసులు ప్రకృతి పరిరక్షణమని పేరిడినది పల్లెవానికి పంటలెక్క. ఈ సంగతి ఎరుగక చేయు ఉపన్యాసములు ఆ గ్రామమున చెల్లవు.

2001లో ఫ్లెమింగో ఉత్సవము ఆరంభమైనది. కొన్నేండ్లు నిలిచిపోయి 2025 జనవరిలో మరల జరిగినది. నేలపట్టు, అటకానితిప్ప, భీమునివారిపాలెము, సూళ్లూరుపేటలకు జనులు వచ్చిరి. సంతోషమే. కాని ఉత్సవము జిల్లా అధికారులును పర్యాటకశాఖయు నడుపునది, అభయారణ్యము అటవీశాఖది. వచ్చినవారి చెత్తయు, బండ్ల త్రొక్కిడియు మాత్రము గ్రామమునకు మిగులును. మూడు దినముల సందడి ముగిసిన పిమ్మట పంచాయతీ ఖజానాలో చేరిన దెంత? ఈ ప్రశ్న నడుగుట మా ఉద్దేశము.

రాజ్యాంగము 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చెను. దానివలన చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశములు చూపబడినవి. మత్స్యపరిశ్రమ కలదు, కుటీరపరిశ్రమలు కలవు, సంతలు తిరునాళ్లు కలవు. పర్యాటకమను మాట మాత్రము లేదు. ఆ మాట లేకున్నంత మాత్రమున సర్పంచి చేతులు కట్టుకొని కూర్చుండవలసిన పని లేదు. తిరునాళ్లు నడుపగల పంచాయతీ పక్షుల చూపరులకు ఒక సంతను నడుపలేదా? రేవులకును, బండ్లు నిలుపు తావులకును రుసుము విధించుట పంచాయతీలకు చెన్నపురి రాష్ట్రపు రోజులనుండియు ఎరుకపడిన విద్యయే. చేపలు, రొయ్యలు, ఎండుచేపలు దళారి చేతిలో పెట్టక సరస్సు ఒడ్డుననే అమ్మునట్టి నాలుగు పాకలు, వంటచేసి పెట్టు స్త్రీల సంఘమునకు ఒక చోటు, దారిచూపుటకు గ్రామ యువకులు: వీనికి కోట్లు అక్కరలేదు.

కేరళమున కుమరకము గ్రామ పంచాయతీ ఇట్టి పని చేసి చూపినది. 2008లో బాధ్యతాయుత పర్యాటకము పేర, అచ్చటి హోటళ్లు కూరగాయలు మొదలగు సరకులను గ్రామపు కుటుంబశ్రీ స్త్రీలవద్ద కొనునట్లు ఏర్పాటు జరిగినది. మన తెలుగునాట పోచంపల్లి మరియొక తీరు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ చిటికీ నేతను చూడవచ్చినవారు మగ్గము ప్రక్కనే చీర కొనిపోవుదురు. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఆ యూరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా ఎంచినది. పులికాటు ఒడ్డున మగ్గము లేదు, పడవ కలదు.

పడవ మాట వచ్చినది గనుక దాచనేల? 2011 డిసెంబరు 25న ఇదే సరస్సునందు, తమిళనాటి వైపున, విహారమునకు పోయిన చేపల పడవ మునిగి 22 మంది మరణించిరి. ప్రాణరక్షక చొక్కాలు లేవు. పట్టినదానికన్న ఎక్కువమంది ఎక్కిరి. అటుపిమ్మట విహారపు పడవలు నిషేధింపబడగా, నేరమెరుగని బెస్తలును ఆ నాలుగు రూకలు కోల్పోయిరి. ఏ పడవకు ఎందరో నిర్ణయించి, చొక్కా తొడిగింపక పడవ కదలనీయని అధికారి రేవున నుండవలెను. ఆ అధికారి జిల్లా కేంద్రమున గాక రేవుననే యుండుట ముఖ్యము. రేవు ఎవరి యూరిదో వారికే ఈ పని తగును. పక్షుల గూళ్లకు ఎంత దూరములో పడవ ఆగవలెనో చెప్పునది అటవీశాఖ. ఆ మాటను అమలుపరచుటకు పంచాయతీకి అధికారమును, రుసుములో పాలును ఈయవలెను. రెండునూ లేక బాధ్యత మాత్రము మోపుట మాకు సమ్మతము గాదు.

చెన్నపట్టణమున నున్న న్యాయవాదులు, వైద్యులు, లెక్కల నిపుణులు అనేకులు ఆ ప్రాంతమువారే. ఆదివారమున కుటుంబముతో పోయి పక్షులను చూచి, ఇంటినుండి తీసికొనిపోయిన పులిహోర తిని, తిరిగివచ్చుట మన ఆచారము. పులిహోరపై మాకు ద్వేషము లేదు. ఈసారి ఒక పూట భోజనము ఆ పల్లెలోనే కొని తినుడు. న్యాయవాదులు రుసుముల నిబంధనల ముసాయిదా వ్రాసి పంచాయతీకి ఉచితముగా నిచ్చిన మరింత మేలు. అక్టోబరు 2వ తేదీన గ్రామసభ కూడును. తీర్మానము అంతకు ముందే సిద్ధముగా నుండవలెను. గూడబాతులు వచ్చునదియు ఆ మాసముననే.